గ్యాస్ గోలీకో గూడు

పోయిన వానాకాలంలో నాలుగు రోజులు వరసగా ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున మా అత్తమ్మ మంచం మీద కూర్చుని, రొమ్ము నిమురుకుంటూ అంది: "బిడ్డా, ఈ నడుమ గోలీ పనిచేస్తలేదు. ఏసుకున్నా పుల్లటి తేపులే వస్తున్నయి."

గోలీ అంటే గ్యాస్ గోలీ. మా ఇంట్లో దానికి వేరే పేరు లేదు. మేడ్చల్‌లో మా వీధి వీధంతా దానికి అదే పేరు. గుండెల్లో మంట, పడుకుంటే గొంతులోకి పులుపు ఎగదన్నడం, అన్నం తిన్నాక రొమ్ము మీద బరువు పెట్టినట్టుండటం, అన్నింటినీ కలిపి మనం గ్యాస్ అంటాం. నిజానికి కడుపులో ఉండాల్సిన ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం ఆ బాధ. గాలితో దానికి పెద్ద పని లేదు. పేరు తప్పయితే ఏం పోయిందని నేనూ అనుకునేదాన్ని. పోయింది. గాలి అనుకున్నాక దాన్ని జబ్బు అనుకోం. జబ్బు కానిదానికి వేసుకునేదాన్ని మందు అనుకోం. బీపీ గోలీ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. షుగర్ గోలీకి ఒక డబ్బా ఉంటుంది. గ్యాస్ గోలీ మాత్రం ఫ్రిజ్ మీద, టీవీ కింద, కిటికీ అంచున, దిండు కింద, హ్యాండ్‌బ్యాగు అడుగున, బండి డిక్కీలో. ఇల్లంతా ఉంటుంది, దానికంటూ ఒక చోటు ఉండదు.

అత్తమ్మకు డెబ్బై ఆరేళ్లు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయాయి. రేకులోంచి గోలీ నొక్కి తీయడం ఆమెతో కాదు. అందుకని నెల మొదట్లో నేనే ముప్పై క్యాప్సూళ్లూ రేకుల్లోంచి తీసి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, ఆమె చెయ్యి అందే ఎత్తులో, వంటింట్లో రైస్ కుక్కర్ పక్కనున్న అరలో పెట్టేదాన్ని. ఆమె తెల్లవారుజామునే లేచి, నన్ను లేపకుండా, తనే ఒకటి వేసుకుని నీళ్లు తాగేది. కోడలిగా చేసే పనుల్లో ఇదొకటి బాగా చేస్తున్నానని నాకు లోలోపల తృప్తిగా ఉండేది.

మా అక్క కొడుకు మా ఇంట్లోనే ఉంటాడు. తుర్కపల్లి దగ్గర, జీనోమ్ వ్యాలీలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చాక అత్తమ్మ మాట చెబితే, డబ్బా తెమ్మన్నాడు. మూత తీస్తే రెండు క్యాప్సూళ్లు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఇంకోటి సొట్టపోయింది. ఒకటి విప్పి తెల్ల పళ్లెంలో పోశాడు. సన్నటి గుళికలు. తెల్లగా ఉండాల్సినవి గోధుమ రంగుకు తిరిగాయి.

"చిన్నమ్మా, ఇవి రేకులకెళ్లి తీసి ఎన్ని దినాలాయె?"

"ఒకటో తారీఖున తీసిన. ఇరవై రోజులైతుందేమో."

"ఎక్కడ పెడ్తున్నవ్?"

చూపించాను. కుక్కర్ అప్పుడే ఆవిరి వదులుతోంది. వాడు ఆ అర మీద చెయ్యి పెట్టి చూశాడు. చెక్క చెమర్చి ఉంది. వాడు ఒక్క మాటా అనలేదు. ఇన్ని రోజులుగా నేను ఆ పెద్దమనిషికి ఏమి మింగిస్తున్నానన్న ఆలోచన మాత్రం నన్ను ఆ రాత్రి పడుకోనివ్వలేదు.

అన్నాలు తిన్నాక వాడు గుళికలను వేలితో అటూ ఇటూ జరుపుతూ చెప్పాడు. అత్తమ్మ వేసుకునే ఒమెప్రజోల్ ఆమ్లాన్ని తగ్గించే మందే. కానీ ఆమ్లం తగిలితే ముందు విరిగిపోయేది అదే. అందుకని ప్రతి గుళిక మీదా పలచటి పూత వేస్తారు. ఆ పూత కడుపులోని పులుపుకు కరగదు, పేగులోకి దిగాకే కరుగుతుంది. మందు అక్కడ రక్తంలో కలిసి, తిరిగి కడుపు గోడల్లోని కణాలకు చేరి, ఆమ్లాన్ని తోడిపోసే పంపులను కట్టేస్తుంది. ముందు వాకిట్లోంచి కాక దొడ్డి వాకిలి నుంచి లోపలికొచ్చినట్టు. పరిగడుపున వేసుకుని అరగంట ఆగి తినమనేది ఇందుకే. తిండి పడి ఆ పంపులు పనిలోకి దిగే వేళకు మందు అక్కడికి చేరి ఉండాలి. నమలొద్దనేదీ, విప్పి వేడి చాయ్‌లో కలపొద్దనేదీ ఆ పూత కోసమే. వేడి, తేమ, వెలుతురు, మూడూ ఆ మందుకు పడవు. రేకు ఆ మూడింటినీ బయటే ఆపుతుంది. నేను ప్రేమతో చేసిన పని ఆ రేకును చింపడం.

ఈ గోలీ మన ఇళ్లదాకా రావడం వెనక చాలామంది జీవితాలున్నాయి. నా చిన్నప్పుడు కడుపులో పుండు పడిందంటే ఆపరేషన్ మాట వినబడేది. అంతదాకా పోని బాధకు చల్లటి పాలు, తినే సోడా, వాముతో సరిపెట్టుకునేవాళ్లు. 1976లో బ్రిటన్‌లో ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ అమ్మకానికి వచ్చింది. దాని వెనకున్న జేమ్స్ బ్లాక్ 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. 1981లో రానిటిడిన్, 1988లో స్వీడన్ నుంచి ఒమెప్రజోల్ వచ్చాయి. కడుపు పుండ్లలో చాలావాటికి కారణం ఒక సూక్ష్మజీవి అని కనిపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ దక్కింది. ఇంత దూరపు కథలో మన గడప కూడా ఉంది. బాలానగర్‌లోని ఐడీపీఎల్ హైదరాబాద్‌కు మందుల తయారీ నేర్పిన బడి. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చే 1970 నాటి మన చట్టం వల్ల కొత్త మందులను మన కంపెనీలు మరో దారిలో తయారుచేసి తక్కువ ధరకు ఇవ్వగలిగాయి. డాక్టర్ రెడ్డీస్ ఒమెప్రజోల్‌కు పెట్టిన ఒమేజ్ అన్న పేరు మందుల దుకాణాల్లో ఇంటి పేరంతగా వాడుకైంది అలాగే. ఆ కంపెనీ కార్ఖానాలున్న బాచుపల్లి మా మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోదే. మేం పుట్టి పెరిగిన నేల మీద తయారయ్యే మందును మేమే ఇంట్లో పాడు చేసుకుంటున్నామన్నది నాకు నొప్పి కలిగించే సంగతి.

మా ఒక్క ఇంట్లోనే అనుకుని సరిపెట్టుకుందామంటే అదీ కుదరలేదు. అంతకుముందు ఎండాకాలం శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర కట్టమైసమ్మకు మొక్కు తీర్చుకుంటూ చుట్టాలంతా కలిశాం. చెట్ల కింద వంటలు. మటన్, బోటి, బగారన్నం, పచ్చిపులుసు. తిన్న గంటకు మా మరిది రొమ్ము పట్టుకుని, "ఎవరి దగ్గరన్న గ్యాస్ గోలీ ఉందా?" అన్నాడు. అయిదుగురు ఆడవాళ్ల బ్యాగుల్లోంచి నాలుగు రేకులు బయటికొచ్చాయి. అయిదోది కారు డ్యాష్‌బోర్డులోంచి వచ్చింది. రాజీవ్ రహదారి పక్కన పొద్దుటి నుంచి ఎండలో నిలబెట్టిన కారు. రేకు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. అది రానిటిడిన్. మా మరిది దాన్నే వేసుకున్నాడు. అప్పుడు నాకు ఏమీ తెలియదు. అందించింది నేనే.

రానిటిడిన్ సంగతి తెలిశాక ఆ రోజు గుర్తొచ్చి ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మన దేశంలో జింటాక్, రాంటాక్, ఎసిలాక్ అని ఇంటింటా తెలిసిన మందు అది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 ఏప్రిల్ 1న దాన్ని బజారు నుంచి పూర్తిగా తీసెయ్యమని కంపెనీలను కోరింది. కారణం మన విషయానికి ఎంత దగ్గరో చూడండి. ఆ మందులో ఎన్‌డీఎంఏ అనే పదార్థం కనిపించింది. అది కేన్సర్ కలిగించగలదని భావిస్తున్న పదార్థం. కంపెనీలో తయారైన రోజున కొద్దిగా ఉన్నా, మామూలుగా దాచినప్పుడు కూడా కాలం గడిచేకొద్దీ పెరుగుతోందని, వేడి ఎక్కువైన చోట మరీ ఎక్కువగా పెరుగుతోందని పరీక్షల్లో తేలింది. లారీల్లో, గోదాముల్లో, జనం ఇళ్లలో ఉండే వేడి కూడా అందుకు సరిపోతుందని ఆ సంస్థ చెప్పింది. మన దేశపు అత్యావశ్యక మందుల జాతీయ జాబితా నుంచి రానిటిడిన్‌ను 2022లో తొలగించారు. ఎక్కడ పెట్టామన్నది మందు గుణాన్నే మార్చేయగలదనడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం నాకు అక్కర్లేదు. మందు పాడైతే మహా అయితే పనిచేయదు, అంతేగా అనుకుంటాం. అంతే కాదు.

మేం ఉంటున్న చోటు చూస్తే ఈ అజాగ్రత్త ఇంకా బాధిస్తుంది. శాంతా బయోటెక్నిక్స్ కార్ఖానా పెట్టింది మా మేడ్చల్‌లోనే. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో మొదలుపెట్టిన ఆ సంస్థ 1997లో మన దేశంలోనే తయారైన హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ 2021లో కోవాగ్జిన్‌ను దేశమంతటికీ పంపింది. ఈ టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కంపెనీ గేటు దాటి, విమానం ఎక్కి, ఏజెన్సీ గూడెంలో ఆశా వర్కరు భుజాన ఉన్న పెట్టెదాకా ఆ చలువ తెగకూడదు. చలువ ఎక్కువైనా ముప్పే. హెపటైటిస్-బి టీకా గడ్డకడితే ఇక పారబోయాల్సిందే. ఇది తెలిసిన మనుషులు మా చుట్టుపక్కల వేలల్లో ఉన్నారు. పొద్దున ఆరు గంటలకు కంపెనీ బస్సుల కోసం మేడ్చల్ చౌరస్తాలో, శామీర్‌పేట స్టేజీలో నిలబడేవాళ్లు వాళ్లే. వాళ్ల లంచ్ బ్యాగుల్లో వేడి వేడి టిఫిన్ డబ్బాకు ఆనుకుని ఒక గ్యాస్ గోలీల రేకు ఉంటుంది. మా వాడి బ్యాగులోనూ ఉండేది. ఇది వాడే ఒప్పుకున్నాడు.

వాడి ఉద్యోగమే ఈ విషయం మీద. స్టెబిలిటీ విభాగం అంటారు. బీరువాల్లాంటి పెద్ద పెద్ద గదుల్లో గోలీల పెట్టెలు పేర్చి, ఒక గదిలో 25 డిగ్రీలు, ఒక దాంట్లో 30, ఇంకో దాంట్లో 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ పెట్టి ఉంచుతారు. ఆ 40 డిగ్రీల గదిలో ఆరు నెలలు ఉంచి, నడుమ నడుమ తీసి పరీక్షిస్తారు. రంగు మారిందా, మందు ఎంత మిగిలింది, కొత్తగా ఏ పదార్థం పుట్టింది. ఈ గదులన్నింటి లెక్కల మీదే గోలీ మీద గడువు తేదీ వేస్తారు. మే నెలలో మేడ్చల్ వేడి ఆ గది వేడే. శ్రావణంలో మా వంటింటి తేమ ఆ గది తేమే. గదిలో పెట్టే గోలీకి మాత్రం రేకు ఉంటుంది, దాని మీద ఒక మనిషి కన్ను ఉంటుంది. ఎక్స్‌పైరీ డేట్ అనేది ఒక ఒప్పందం లాంటిది. ఫలానా వేడిలో, రేకు చింపకుండా, వెలుతురు తగలకుండా ఉంచితే ఆ నెల ఆఖరు రోజుదాకా మందు మందుగా ఉంటుందని కంపెనీ మాట ఇస్తుంది. రేకు మీద చిన్న అక్షరాల్లో కొన్నింటికి 25, కొన్నింటికి 30 డిగ్రీలకు మించకూడదని రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని మేం ఇంట్లో ఒక్కరమూ ఎన్నడూ చదవలేదు.

ఇదంతా అత్తమ్మకు ఎట్లా చెప్పాలో నాకు తోచలేదు. ఆమె బడి మెట్లు ఎక్కిన మనిషి కాదు. వేడి, తేమ, వెలుతురు అని మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపి, "అంటే తొక్కు లెక్కనే అన్నట్టు" అంది.

నేను అట్లాగే చూస్తూ కూర్చున్నాను. మామిడికాయ తొక్కు పెట్టే రోజున ఆమె ఇంట్లో ఎవరినీ నిలవనివ్వదు. జాడీని ఎండలో కాగబెడుతుంది, చెమ్మ ఆనవాలు లేకుండా తుడుస్తుంది. నిండాక పొడి తెల్లగుడ్డతో వాసెన కడుతుంది. నడిమింట్లో, చీకటి మూలన, పీట మీద పెడుతుంది. తడి చెయ్యి తగిలితే బూజు పడుతుందని, రోజూ తినేదాన్ని చిన్న సీసాలోకి తీసి పెద్ద జాడీని ముట్టుకోనివ్వదు. బియ్యంలో వేపాకు, కందిపప్పుకు ఎండ, చింతపండుకు ఉప్పు. పిల్లికీ, పిల్లలకూ అందొద్దనుకున్నది ఉట్టి మీద. దాచే విద్య మన ఇళ్లలో లేదా అంటే ఇంత ఉంది. తరాల నుంచి ఉంది. తొక్కుకూ, బియ్యానికీ, బంగారానికీ ఇచ్చిన ఆ విద్యను మనం మందుకు ఇవ్వలేదు. మందు దుకాణం నుంచి వచ్చింది కాబట్టి దానికి మన చెయ్యి అక్కర్లేదనుకున్నాం.

ఆ మర్నాడు అత్తమ్మే చోటు చూపించింది. మా ఇల్లు ముందు భాగం స్లాబు, వెనక పాత మట్టిగోడల అర్ర. ఆ అర్రలో లోపలి గోడకు, చెక్క తలుపున్న గూడు ఒకటి ఉంది. ఒకప్పుడు అందులో మామయ్య పట్టా కాగితాలు పెట్టేవారట. ఎండ ఏ వైపు నుంచీ తగలదు. వంటింటి ఆవిరి రాదు. నిలబడి చెయ్యెత్తితే నాకు అందుతుంది, పిల్లలకు అందదు. గొళ్లెం ఉంది. గూడంతా తుడిచి, ఎండబెట్టిన స్టీలు డబ్బా ఒకటి పెట్టాం. ఇప్పుడు గోలీలు రేకుల్లోనే ఉంటున్నాయి. రాత్రి పడుకోబోయే ముందు మర్నాటికి ఒక్కటంటే ఒక్కటి తీసి, చిన్న డబ్బీలో మూతపెట్టి అత్తమ్మ తలాపున పెడుతున్నాను. పెద్ద జాడీ లోంచి చిన్న సీసాలోకి తీసినట్టు.

ఫ్రిజ్‌లో పెడితే పోదా అని మా తోటికోడలు అడిగింది. నేనూ ముందు అదే అనుకున్నాను. ఫ్రిజ్‌లోంచి చల్లటి సీసా తీస్తే బయట నీటిబొట్లు పడతాయి కదా, తీసీ పెట్టీ చేస్తుంటే మందు డబ్బాలోనూ ఆ చెమ్మే చేరుతుంది. ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉన్న మందులు వేరు. గోలీలకు ఆ చలువ అక్కర్లేదు. ఇక ఫ్రిజ్ నెత్తి సంగతి. లోపలి వేడిని బయటికి తోసే యంత్రం అది. దాని మీదా వెనకా ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. మన ఇళ్లలో మందులకు ఎంచుకునే మొదటి చోటు అదే కావడం నాకు అర్థం కాని విషయం.

నడి వేసవిలో మా గూట్లో కూడా 30 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని ఇల్లు, దాటక ఏం చేస్తుంది? అందుకని మార్చి నుంచి జూన్ దాకా నెలకు సరిపడా కొనడం మానేశాం, పదిహేను రోజులకే తెచ్చుకుంటున్నాం. దుకాణం రెండు వీధుల అవతలే కదా. ఆ దుకాణంలోనూ ఒక మాట అడగడం నేర్చుకున్నాను. నాలుగు గోలీలు కావాలంటే కత్తెరతో రేకు కోసి ఇస్తారు. గడువు తేదీ ఉన్న ముక్క ఒక్కోసారి వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మన చేతికి పేరూ తేదీ లేని నాలుగు గోలీలు వస్తాయి. నెల తిరిగాక అవి ఏ మందో ఎవరు చెప్పాలి? ఇప్పుడు నేను రేకు మొత్తమే తీసుకుంటాను, తేదీ ఉన్న వైపు ఆఖరుదాకా ముట్టను, రెండో కొస నుంచి వాడతాను.

పిల్లల సంగతి విడిగా చెప్పాలి. మా ఎదురింట్లో మూడేళ్ల బాబు, తాత మంచం కింద పెట్టుకున్న గులాబీ రంగు యాంటాసిడ్ సీసా మూత తీసి తాగేశాడు. తియ్యగా, పుదీనా చల్లగా ఉంటుంది కదా, వాడికి అది షర్బతే. ఒక రోజంతా విరేచనాలయ్యాయి, అంతే అయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ వాళ్ల తాతతో అన్న మాట నాకు వాళ్లమ్మ చెప్పింది: ఆ మంచం కింద షుగర్ గోలీలు ఉండి ఉంటే ఈ పిల్లవాణ్ణి మీరు ఇట్లా ఎత్తుకుని పోయేవాళ్లు కాదు. ఇది భయపెట్టడానికి చెప్పిన మాట కాదు. కొన్ని రకాల షుగర్ గోలీలు ఒక్కటి మింగినా పసిపిల్లల నెత్తుటిలో చక్కెర ప్రాణం తీసేంతగా పడిపోతుంది. చక్కెర పూత వేసిన ఎర్రటి ఐరన్ గోలీలు నాలుగైదు తిన్నా ప్రమాదమే. బట్టల మడతల్లో వేసే కలరా ఉండలు, బియ్యం డ్రమ్ములో పురుగుకు పెట్టే మాత్రలు, బాత్రూమ్ కడిగే యాసిడ్ సీసా, ఇవన్నీ మందుల పక్కన, అదే అరలో ఉన్న ఇళ్లు నేను చూశాను. తాగేసిన కూల్‌డ్రింక్ సీసాలో ఫినాయిల్ పోసి పెట్టిన ఇళ్లూ చూశాను. దయచేసి మందులనూ ఈ విషాలనూ ఎప్పుడూ ఒక చోట ఉంచకండి. మందుకు వేరే చోటు, విషానికి వేరే చోటు, రెండూ పిల్లలకు అందని ఎత్తులో.

గూడు సర్దాక మా వాడు తలుపు లోపలి వైపు పెన్నుతో 108 అని పెద్ద అంకెలు వేశాడు. గ్యాస్ గోలీల గూటికి అంబులెన్స్ నంబరు ఎందుకని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అందరికీ పెదనాన్న గుర్తే. కీసర దగ్గర ఊళ్లో ఉండేవారు. ఒక రాత్రి పదకొండుకు రొమ్ములో బరువు, ఎడమ చెయ్యి గుంజుడు, చెమటలు. దిండు కింద రేకు చేతికందేలా ఉంది. ఒకటి వేసుకున్నారు. గంటకు ఇంకొకటి. తెల్లవారి అయిదింటికి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆరు గంటలు గడిచిపోయాయి. అది గుండెపోటు. బతికారు గానీ, పొలం గట్టుదాకా నడవలేని మనిషిగా నాలుగేళ్లు బతికారు. ఆ రాత్రి అంబులెన్స్‌కు ఫోన్ చేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది. దాన్ని నడిపే సంస్థ కేంద్రం మేడ్చల్ రోడ్డు మీద దేవరయాంజాల్‌లో, అంటే మా గడప పక్కనే ఉంది. రొమ్ములో బరువుతో చెమటలు పడితే, నొప్పి చేతికో దవడకో పాకితే, ఊపిరి అందకపోతే, అది గ్యాస్ అని ఇంట్లో ఎవరూ తేల్చకూడదు. అందుకే ఆ అంకెలు గోలీల కన్నా ముందు కంటబడేలా రాయించాం.

ఇల్లంతా వెతికి రేకులు ఒక చోట పోస్తే గడువు దాటినవి పదకొండు తేలాయి. ఒకటి నాలుగేళ్ల నాటిది. చెత్తబండిలో వేద్దామని కవరు కట్టి గేటుదాకా వెళ్లి ఆగిపోయాను. మా బండి చెత్త చివరికి పోయేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే. మహానగరం చెత్తంతా గుట్టపడే చోటు అది, మా జిల్లాలోదే. ఆ గుట్టల మీద ప్లాస్టిక్ ఏరుకునే ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. వాళ్ల చేతికి రంగు రంగుల గోలీల రేకులు అందించడం ఏ న్యాయం? గోలీలన్నీ రేకుల్లోంచి తీసి, వాడేసిన చాయ్‌పత్తిలో, మట్టిలో కలిపి, గట్టిగా మూటకట్టి, అప్పుడు వేశాను. కాలువలోనో, చెరువులోనో, మరుగుదొడ్డిలోనో పారబోయడం తప్పు. కేరళలో ఇళ్ల నుంచి వాడని మందులను వెనక్కి తీసుకునే పథకం మొదలుపెట్టారు. దేశానికి మందులు చేసి ఇచ్చే తెలంగాణలో, ముందుగా ఈ జిల్లాలో, ప్రతి మందుల దుకాణం ముందూ అట్లాంటి పెట్టె ఒకటి ఉండాలి. ఇది నా గట్టి కోరిక.

మా వెనక వీధిలో పారిశ్రామికవాడకు పోయే ఒడిశా, బిహార్ కుర్రాళ్లు రేకుల గదుల్లో అద్దెకుంటారు. వాళ్లలో ఒకతను రాత్రి డ్యూటీలు, వేళకాని తిండితో కడుపు మంట తెచ్చుకుని పాంటోప్రజోల్ అనే గ్యాస్ గోలీ వాడుతున్నాడు. బ్యాగు మేకుకు తగిలించి ఉంటుంది, పైకప్పు రేకుకు జానెడు కింద. ఆ గదిలో గూడు లేదు, మట్టిగోడ లేదు. బ్యాగును కింద, తలుపుకు ఎదురుగా కాక లోపలి మూలన, గోడ వారగా పెట్టుకొమ్మని, వారానికి సరిపడా మాత్రమే కొనుక్కొమ్మని చెప్పాం. ఇంతకన్నా మేం చేయగలిగింది లేకపోయింది. రేకుల కింద బతికేవాళ్లకు మందును చల్లగా దాచుకోమని చెప్పడంలో ఉన్న కష్టం నాకు తెలుసు. వాళ్లకు ఇల్లు ఇచ్చేవాళ్లు ఆలోచించాల్సిన విషయం అది.

అత్తమ్మకు కొత్త రేకులు తెచ్చిన వారానికి తేపులు తగ్గాయి. పోయిన నెల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఈ గోలీ ఇంకా ఎన్నాళ్లని అడిగాం. అడగకుండా ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బీ12, మెగ్నీషియం తగ్గుతాయట. రక్తపరీక్షలు రాసి, రాత్రి అన్నం ఏడింటికే తినమని, మంచం తలవైపు కోళ్ల కింద రెండు చెక్కలు పెట్టమని చెప్పి, మూడు నెలల తర్వాత గోలీ తగ్గించి చూద్దామన్నారు. ఇప్పుడు గూట్లో ఆమె పేరున ఒకటే రేకు ఉంది.

ఈ రాత్రి వంటయ్యాక ఒక్కసారి మీ ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ గోలీల రేకు ఉంటే, రేకు చింపకుండా తీసి, తేదీ చూసి, లోపలి గదిలో ఎండా ఆవిరీ రాని చోట, పిల్లల చెయ్యి అందని ఎత్తులో పెట్టండి. తలుపు లోపల 108 అని రాసుకోండి.